చెక్కలు పట్టిన చేతులు

తాడిమర్రి చుట్టుపక్కల పల్లెల్లో రాత్రిపూట గుడి ముందర చెక్క భజన నేర్చుకునే పిల్లల్ని మీరు చూసే ఉంటారు. బొటనవేలికి ఒక చెక్క, తక్కిన వేళ్లకు ఇంకొకటి. కొత్తలో వేళ్లు కందిపోతాయి. అడుగు తప్పితే గురువు మళ్లీ మొదట్నుంచీ వేయిస్తాడు. సెలవురోజు పగలంతా శెనక్కాయలు వలిచేదీ ఆ వేళ్లే.

ఈ సాధనతో తాళం పట్టుబడుతుందని మనకు తెలుసు. నొప్పిని మెదడు పట్టించుకునే తీరు కూడా మారుతుందంటే నమ్ముతారా? డెన్మార్క్‌లోని ఆర్హస్ విశ్వవిద్యాలయంలో అనా జమొరానో బృందం వాద్యకారుల విషయంలో ఈ సంగతే పరీక్షించి 2025లో ప్రకటించింది.

కాలిన పెనం తగిలితే చెయ్యి వెనక్కి లాక్కుంటాం. అది నొప్పి చేసే మేలు. కానీ నొప్పి రోజుల తరబడి ఉంటే, ఆ చేతిని కదిలించడానికి మెదడులో ఉన్న పటం కుంచించుకుపోవచ్చు. పటం అలా కుంచించుకుపోయినవాళ్లకు బాధ మరీ ఎక్కువ. జమొరానో బృందం సుమారు 40 మందిని తీసుకుంది. కొందరు వాద్యం నేర్చినవాళ్లు, కొందరు నేర్వనివాళ్లు. అందరికీ చేతి కండరంలో ఒక ఇంజెక్షన్ ఇచ్చారు. దానివల్ల హాని ఉండదు గానీ కొన్నాళ్లు సలుపుతుంది. తల దగ్గర అయస్కాంత పరికరం పెట్టి ఆ పటాన్ని కొలిచారు. రెండు రోజులకే వాద్యం రానివాళ్ల పటం చిన్నదైంది. వాద్యకారులది చెక్కు చెదరలేదు! ఎక్కువ గంటలు సాధన చేసినవాళ్లకు నొప్పి కూడా తక్కువే తెలిసింది.

ఇది చదవగానే నాకు మన నిమ్మలకుంట గుర్తొచ్చింది. ధర్మవరం దగ్గరే కదా. 2020 సంవత్సరానికి పద్మశ్రీ పొందిన తోలుబొమ్మలాట కళాకారుడు దళవాయి చలపతిరావు గారి ఊరు. తోలుబొమ్మ ఆడించే చెయ్యి, పాట, కాలి గజ్జె ఒకే లయలో రాత్రంతా నడవాలంటే చిన్ననాటి నుంచీ ఎంత సాధన ఉండాలి! పరీక్ష జరిగింది వాద్యకారుల మీదే అయినా, ఆ చేతులకూ ఈ బలం ఉంటుందనే నా నమ్మకం.

వాయించేవాళ్లకు నొప్పే రాదని మాత్రం అనుకోకండి. గంటలకొద్దీ వాయిస్తే మణికట్టు, భుజం పట్టేయడం మామూలే.

అయినా అమ్మలకూ నాన్నలకూ ఒక మనవి. పదో తరగతికి వచ్చారని పిల్లల చేత భజన మాన్పించకండి. చెయ్యి నొప్పి నాలుగు రోజులకూ తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. చెక్కలను మాత్రం అటక ఎక్కించకండి.