బంతులు విసిరే యంత్రం, ఒక ఉల్టా మర

ముందే చెప్పేస్తున్నా, నేను ఇంజినీర్ని. సాఫ్టువేరు ఇంజినీర్నన్నమాట. ఇంట్లో మిక్సీ ఆగిపోతే "నువ్వు ఇంజినీరువే కదరా" అని అమ్మ నా మొహం చూస్తుంది, నేను ప్లగ్గు తీసి మళ్ళీ పెడతాను. ఇరవయ్యేళ్ళ ఉద్యోగంలో నేర్చుకున్న మహామంత్రం అదొక్కటే.

మాది పాకాల. నాయన రైల్వేలో ఫిట్టరు, అక్కడ మీటరు గేజి బండ్లు తిరిగిన రోజుల మనిషి, రిటైరై చాలా ఏళ్ళయింది. మా అక్క కొడుకుకి పన్నెండేళ్ళు, క్రికెట్టంటే ప్రాణం. వీధిలో ఆడే పిలకాయలు తక్కువైపోయారు. అందుకని రోజూ సాయంత్రం వాడికి బంతులు వేసే ఉద్యోగం మా నాయనది. పోయిన ఏడాది ఆయన కుడి భుజం పట్టేసింది, చెయ్యి పైకి లేవదు. అయినా కిందనుంచే విసురుతున్నాడని అమ్మ ఫోన్లో గొణిగింది. ఇక నాలోని ఇంజినీరు నిద్ర లేచాడు.

ఈ పిచ్చి నా ఒక్కడిదే కాదులెండి. సెట్లలో వలయాలు గీయించి మనల్ని ఏడిపించిన జాన్ వెన్ గుర్తున్నాడా? ఆయన కూడా ఒక బౌలింగు యంత్రం కట్టాడు. 1909లో ఆస్ట్రేలియా జట్టు కేంబ్రిడ్జికి వచ్చినప్పుడు అది వాళ్ళ ఆటగాడొకణ్ణి నాలుగుసార్లు బౌల్డు చేసిందట. టెన్నిస్ వీరుడు రెనే లకోస్ట్ కూడా ప్రాక్టీసు కోసం బంతులు విసిరే యంత్రం చేయించుకున్నవాడే. తర్కశాస్త్రం పంతులు చేయగాలేనిది నేను చేయలేనా?

సూత్రం చాలా సులువు. పక్కపక్కన రెండు చక్రాలు, రెండూ ఎదురెదురు దిశల్లో తిరుగుతుంటాయి. మధ్య సందు బంతి కంటే కొంచెం తక్కువ. టెన్నిస్ బంతి ఆరున్నర సెంటీమీటర్ల పైన ఉంటుంది కాబట్టి ఐదు సెంటీమీటర్లు ఉంచాను. బంతి అందులో దూరగానే చక్రాలు నొక్కి అవతలికి ఉమ్మేస్తాయి. 12 సెంటీమీటర్ల చక్రం నిమిషానికి 3000 సార్లు తిరిగితే దాని అంచు వేగం గంటకు 68 కిలోమీటర్లు. పన్నెండేళ్ళ పిల్లాడికి అది చాలా ఎక్కువే. ఒక చక్రాన్ని కాస్త నెమ్మది చేస్తే బంతి పక్కకి వంపు తిరుగుతుంది కూడా.

బెంగుళూరు ఎస్పీ రోడ్డులో రెండు పన్నెండు వోల్టుల మోటార్లు, వేగం మార్చే బోర్డులు కొన్నాను. ట్రాలీల రబ్బరు చక్రాలు రెండు, మూడంగుళాల పీవీసీ గొట్టం ఒక ముక్క, పాత బల్ల చెక్క. వేసవి సెలవుల్లో పాకాల పోయి పెరట్లో కూచుని బిగించాను. నాయన అరుగు మీద కూచుని చూస్తా ఉన్నాడు. ఏమీ అనలేదు. బండి బ్యాటరీ పెడితే పది బంతులకే నీరసపడింది. ఇన్వర్టరు బ్యాటరీ తగిలించగానే మాత్రం... అబ్బో! బంతి పోయి ఎదురింటి గోడకు ఠప్పుమని తగిలింది. మావాడు ఎగిరి గంతేశాడు.

ఆ సంబరం మర్నాడు పొద్దున దాకానే. ఓ నలభై బంతులు పడ్డాక కుడివైపు చక్రం పైకి లేచింది. నాకు కనబడింది అంతే. గోడకు తగిలి, అరుగు మీదున్న నాయన చెవి పక్కనుంచి పోయి వెనక రేకుల మీద పడింది. ఆ చప్పుడు ఇప్పటికీ వినబడుతుంది నాకు. ఒక జానెడు ఇటొస్తే? బ్యాటు పట్టుకుని ఎదురుగా నిలబడ్డ పిల్లాడి వైపు పోయుంటే?

నేను చేసిన తప్పులు ఒకటా రెండా. చక్రాల మీద మూత లేదు. పరీక్షించకుండానే పిల్లాణ్ణి ఎదురుగా నిలబెట్టాను. మా ఆఫీసులో అయితే ఇలాంటివి రాత్రికి రాత్రి వెనక్కి తిప్పేస్తాం, ఎవడి చెవీ తెగదు.

నాయన లేచి పోయి నట్టు వెతికి తెచ్చాడు. తిట్టలేదు. "టేబులు ఫ్యాను రెక్క ఎప్పుడన్నా ఊడదీసినావా?" అన్నాడు.

లేదన్నాను.

"దాని నట్టు అన్నిట్లాగా తిప్పితే రాదు. ఉల్టా మర. సైకిలు ఎడమ పెడలు గూడా అంతే. ఎందుకో తెల్సునా నీకు?"

హతవిధీ! నాకు తెలీదు.

విషయం ఇదీ. పైనుంచి చూస్తే నా ఎడమ చక్రం గడియారానికి ఎదురు తిరుగుతుంది, కుడిది గడియారంలాగే తిరుగుతుంది. బంతి దూరిన ప్రతిసారీ చక్రానికి వెనక్కి ఒక గుంజు. ఆ గుంజుకి ఎడమవైపు నట్టు బిగుసుకుంటుంది, కుడివైపుది కొంచెం కొంచెం విప్పుకుంటుంది. నేనేమో రెండింటికీ ఒకే రకం మర వాడాను. చెయ్యి నొప్పి పుట్టేలా బిగించి, అదే భద్రత అనుకున్నాను.

ఉల్టా మర నట్టు అప్పటికప్పుడు దొరకలేదు. నాయన దగ్గరుండి రెండు నట్లు ఒకదానిమీద ఒకటి ఎదురు బిగించి, పైన బోల్టుకి బెజ్జం వేయించి పిన్ను తొడిగించాడు. వెల్డింగు అంగట్లో ఇనప జాలీతో గూడు చేయించాం. ఆ మధ్యాహ్నమంతా ఆయన చెప్పడం, నేను పట్టుకోవడం. నాయన దగ్గర నేను పాఠం చెప్పించుకోవడం లెక్కల తర్వాత అదే. లెక్కలప్పుడు తన్నులు కూడా ఉండేవి.

యంత్రం బాగానే పనిచేసింది, మావాడు మాత్రం ఆడలేకపోయాడు. "మామా, చెయ్యి కనపడదు కదా, ఎప్పుడొస్తుందో తెలీడం లేదు" అన్నాడు. నిజమే, బౌలరు చేతిని చూసే కదా బ్యాటు లేచేది! దీనికి సెన్సరు, ఎర్ర దీపం పెడదామని నేను కాగితం మీద బొమ్మ గీస్తున్నాను. ఈలోగా నాయన స్టూలు తెచ్చుకుని గొట్టం పక్కన కూచున్నాడు.

కుడి చెయ్యి లేవదు కాబట్టి ఎడమ చేత్తో బంతిని పైకెత్తి చూపించాడు.

"వస్తా ఉండాది, చూసుకో" అని గొట్టంలో వేశాడు.