ఆరు యూరోల పోర్ట్ వైన్, మా అమ్మమ్మ కుండ

కొంచెం పెద్ద పోస్టే. వీడేంటి వైన్ గురించి రాస్తున్నాడు అనుకోకండి, మొత్తం చదివాక తిట్టండి.

మాది చింతూరు వైపు కోయ గూడెం. ఇప్పుడు పోర్చుగల్‌లో పోర్టో అనే ఊళ్లో ఎమ్మెస్సీ చదువుతున్నా. మన వైన్ షాపుల్లో పోర్ట్ వైన్ అని తియ్యటి ఎర్ర సీసా దొరుకుతుంది కదా, గోవాలో చేసేది, తాగితే రక్తం పడుతుందని కూడా కొందరు చెప్తారు. ఆ పేరు ఈ ఊరిదే అని ఇక్కడికొచ్చేదాకా నాకు తెలీదు. అసలుది వేరే సంగతి. పైన డౌరో లోయలో ద్రాక్ష పండుతుంది. రసం పులుస్తుండగా, చక్కెర ఇంకా సగం మిగిలి ఉండగానే, అందులో ద్రాక్ష నుంచే తీసిన ఘాటు సారా పోస్తారు. అది దాదాపు 77 శాతం ఉంటుంది. దాంతో పులియడం ఆగిపోతుంది. తీపి మిగులుతుంది, మత్తు 19 నుంచి 22 శాతం దాకా ఉంటుంది. మామూలు వైన్ 12, 13 శాతమే.

ఈ లెక్క తెలీక మొదటిసారి నేను పెద్ద గ్లాసు నిండా పోసుకున్నా. టానీ అనే రకం అది, రంగు లేతగా ఉంటే తేలికేమో అనుకున్నా. మర్నాడు క్లాసుకి పోలేదు.

డిసెంబర్‌లో మా రూమ్మేట్ నేపాలీ అన్న, ఇక్కడి క్లాస్‌మేట్ ఒకతను, నేను కలిసి సూపర్‌మార్కెట్‌లో నాలుగు సీసాలు కొన్నాం. రూబీ, టానీ తలా ఐదున్నర యూరోలు, తెల్ల పోర్ట్ ఆరు, ఎల్‌బీవీ పదకొండు. మనిషికి తొమ్మిది యూరోల చిల్లర పడింది. నేపాలీ అన్న సీసాలకి న్యూస్‌పేపర్ చుట్టేశాడు. ఏది ఏదో తెలీకుండా చిన్న చిన్న గ్లాసుల్లో తాగాలని పందెం.

నా నాలుకకి తెలిసిన మాటల్లోనే చెప్తా. రూబీ అంటే నేరేడు పండ్లు బెల్లంలో నలిపినట్టు, చివర్లో గొంతులో మంట. టానీలో ఎండు ఖర్జూరం, కాల్చిన జీడిపిక్కల వాసన. తెల్లది తేనెలో నారింజ తొక్క వేసినట్టుంది, నాకు నచ్చలేదు, నిమ్మకాయ, టానిక్ నీళ్లు కలిపితే పర్లేదు. ఎల్‌బీవీ మాత్రం వేరు. తీపి ఉంది గానీ వెనక పచ్చి తునికి కాయ కొరికినట్టు వగరు పట్టుకుంటుంది. ఆ వగరే తీపిని మొహం మొత్తనీయదు. నాలుగు నుంచి ఆరేళ్లు చెక్క పీపాల్లో ఉంచి సీసాల్లో నింపుతారట. డబ్బులు ఆచితూచి పెట్టాలంటే నా ఓటు దానికే. చవక టానీ గురించి ఒక మాట: లేత రంగంతా వయసు వల్ల వచ్చింది కాదు. సీసా మీద పదేళ్లు, ఇరవయ్యేళ్లు అని ఉంటే అది పాతబడ్డ టానీ. ఐదున్నర యూరోలది చాలావరకు రూబీ వయసుదే, రంగు తక్కువ దిగేలా చేస్తారంతే.

అప్పుడే క్లాస్‌మేట్ అడిగాడు, “మరి మీవాళ్లు ఏం చేస్తారు?” అని.

అతని తాతకి డౌరోలో చిన్న తోట ఉంది. సెప్టెంబర్ కోతకి నన్నూ తీసుకుపోయాడు. మన పోడు కొండల్లాంటి వాలు, పలక రాళ్లతో కట్టిన మెట్లు మెట్లుగా గట్లు. సాయంత్రం రాతి తొట్టిలో వరసగా నిలబడి కాళ్లతో తొక్కాం. ఆ ముసలాయన తన చేతి వైన్ పోసిచ్చేటప్పుడు ఎంత గర్వంగా ఉన్నాడో! అదంతా చూసొచ్చిన నేను ఏం చెప్పానో తెలుసా? “ఏం లేదు, బీరు తాగుతారు” అన్నా.

అబద్ధం. మా అమ్మమ్మ ఇప్ప సారా వండేది. ఎండాకాలం తెల్లారకముందే చెట్టు కింద రాలిన పువ్వు ఏరి, ఎండబెట్టి, నానబెట్టి, పులిసిందా లేదా అన్నది వాసన చూసి చెప్పేది. తర్వాత పొయ్యి మీద కుండ, పైన ఇంకో కుండ, చల్లనీళ్లు. వీళ్లు పులుపుని మధ్యలో ఆపి తీపి కాపాడుకుంటారు, మా అమ్మమ్మ తీపంతా పులియనిచ్చి ఆవిరిలో పువ్వు వాసన పట్టేది. రెండూ ఒక విద్యలో రెండు దారులే. నేను ఆరో తరగతిలో ఉండగా జీపులో వచ్చినవాళ్లు ఆ కుండలు పగలగొట్టారు. అమ్మమ్మని అందరి ముందూ నానా మాటలన్నారు. హాస్టల్‌లో సారాగాళ్లు అని పిలిచినప్పుడు తల వంచుకున్నా. అదే తల పోర్టోలో కూడా వంగింది.

చరిత్ర చూస్తే ఇంకా మండుతుంది. 1756లో పోర్చుగల్ మంత్రి పొంబాల్ డౌరో లోయకి హద్దులు గీయించి, తర్వాత గ్రానైట్ రాళ్లు పాతించాడు. వైన్‌లో రంగు కల్తీ చేస్తున్నారని ఎల్డర్‌బెర్రీ చెట్లు పీకించాడు. ఈరోజుకీ ఆ లోయ ద్రాక్షతో చేసి, పరీక్ష పాసై, మెడ మీద ముద్ర పడితేనే ఇక్కడ అది పోర్ట్. 2001లో ఆ కొండలు యునెస్కో జాబితాకెక్కాయి. మన రంపలో? సొంతానికి కల్లు గీసుకోవడం మీద కూడా ఆంక్షలు పెట్టారు, మన్సబ్‌దారు చిగురు పన్ను వేశాడు. 1879లో రంప తిరగబడటానికి ఉన్న కారణాల్లో అదొకటి. వాళ్ల తాగుడికి హద్దురాయి, మన తాగుడికి పన్ను, లాఠీ.

అలాగని తాగుడుని మోస్తున్నాననుకోకండి. మా చిన్నాన్న నలభై దాటకుండానే తాగి పోయాడు. అమ్మమ్మ కుండలోది కాదు, ఆ కుండలు పగిలాక గూడెంలోకి వచ్చిన చీప్ లిక్కర్. అమ్మమ్మ పండక్కి వండేది, ముందు నేల మీద పెద్దల పేరున నాలుగు చుక్కలు వదిలేది. చీప్ లిక్కర్ ముట్టుకునేవాళ్లని తిట్టేది. ఈ తేడా జీపులో వచ్చినవాళ్లకి చెప్పేవాళ్లు లేరు. మొన్నమొన్న మధ్యప్రదేశ్ ప్రభుత్వమే ఇప్ప సారాని వారసత్వ మద్యంగా సీసాల్లో అమ్మడానికి ఒప్పుకుంది. అందులో ఏరిన చేతులకి ఎంత దక్కుతుందో చూడాలి.

వారం తర్వాత ఆ క్లాస్‌మేట్‌ని కూర్చోబెట్టి మొత్తం చెప్పా. కుండ బొమ్మ కూడా గీశా. అతను నవ్వలేదు. ఎన్ని రోజులు నానబెడతారు, చలికాలం ఎలా, మొదట దిగేది తాగుతారా పారబోస్తారా అని ప్రశ్న మీద ప్రశ్న. సగానికి నా దగ్గర జవాబు లేదు. రాత్రి అమ్మకి ఫోన్ చేసి అమ్మమ్మకి ఇవ్వమన్నా. ముందు, “చదువుకోడానికి పోయి ఇదేంట్రా అడుగుతున్నావు?” అని కసిరింది. తర్వాత గంటసేపు చెప్పింది. నోట్‌బుక్‌లో ఆరు పేజీలు రాసుకున్నా. చలికాలం ఎలా అన్నది ఇంకా చెప్పలేదు, సరుకులకి పోవాలని ఫోన్ పెట్టేసింది. ఆదివారం మళ్లీ చేయమంది.