నవ్వు ఆగిపోయే చోటు
బీబీసీలో 1983లో మొదలైన కామెడీ ధారావాహిక ‘బ్లాక్‌యాడర్’ అంటే నాకు ప్రాణం. మధ్యయుగం, ఎలిజబెత్ రాణి కొలువు, రీజెన్సీ రోజులు, మొదటి ప్రపంచ యుద్ధం... సిరీస్‌కో కాలం. రోవన్ అట్కిన్సన్ వేసిన ఎడ్మండ్‌కి తరం మారితే తెలివి పెరుగుతుంది, హోదా తరుగుతుంది. ఒకనాటి రాకుమారుడు చివరికి కందకంలో కెప్టెన్. వెంట ఉండే బాల్డ్రిక్ మాత్రం ఏ కాలంలోనైనా అడుగునే.

1989 నాటి ఆఖరి ఎపిసోడ్ మరీ గొప్పది. దాడికి ముందు బాల్డ్రిక్ తన దగ్గరో ఉపాయం ఉందంటాడు. అది వినే వ్యవధి లేదు. ఈల మోగుతుంది, అందరూ కందకం దాటి తుపాకుల ఎదుటికి పరుగెడతారు. దృశ్యం నెమ్మదించి, ఎర్ర గసగసాల పొలంగా మారిపోతుంది. రచయితలు రిచర్డ్ కర్టిస్, బెన్ ఎల్టన్ అక్కడ ఒక్క జోకూ పెట్టలేదు. యుద్ధం మీద నేను చూసిన గంభీరమైన సినిమాలేవీ నన్నింతగా కదిలించలేదు.