నలభైలో ఆరు

ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో ఉండగా నాకు పోస్టులో ఒక కవరొచ్చింది. దాన్నిండా ఫైర్‌ఫాక్స్ స్టిక్కర్లు. ఫైర్‌ఫాక్స్ అనే పేరుకి అర్థం నక్క కాదు, ఎర్ర పాండా అని ఎంతమందికి చెప్పినా మా హాస్టల్లో అది నక్కే. అప్పట్లో నేను మొజిల్లా వాళ్ల స్టూడెంట్ అంబాసిడర్ని. జీతం లేదు గానీ టీషర్టు ఉండేది. నరసరావుపేటలో రెండు రాత్రుళ్లు గదిగదికీ తిరిగి నలభై లాప్‌టాప్‌లలో ఫైర్‌ఫాక్స్ ఎక్కించాను. ఎక్కించుకున్న ప్రతివాడికీ ఒక స్టిక్కరు. మూడు వారాల తర్వాత మళ్లీ అవే గదులు తిరిగితే వాడుతున్నవాళ్లు ఆరుగురు తేలారు. స్టిక్కర్లు మాత్రం నలభైకి నలభై మూతల మీద భద్రంగా ఉన్నాయి.

ఆ ఆరుగుర్నీ కూర్చోబెట్టి, ఎందుకు ఉంచుకున్నార్రా అని అడగాల్సింది. నేనేమో మిగతా ముప్పై నలుగురి వెంటపడి స్వేచ్ఛ, ఓపెన్ సోర్స్, గుత్తాధిపత్యం అంటూ ఉపన్యాసాలిచ్చాను. "మామా, స్టిక్కరు బావుంది, ఇక చాల్లే" అన్నాడొకడు. చాలా రోజుల తర్వాత తెలిసింది, ఆ ఆరుగురిలో నలుగురు డౌన్‌దెమ్‌ఆల్ అనే యాడాన్ కోసం ఉంచుకున్నారని. మా హాస్టల్ నెట్ గంటకోసారి పోయేది. అది ఉంటే డౌన్‌లోడ్ ఆగినచోటి నుంచే మళ్లీ మొదలయ్యేది. ఐదోవాడి సంగతి గుర్తులేదు. ఆరోవాడు నా రూమ్మేటు, మొహమాటానికి ఉంచుకున్నాడు.

ఇప్పుడు హైదరాబాదులో ఒక యాప్ కంపెనీలో నా ఉద్యోగమే ఇది. రిటెన్షన్ అంటారు. కొత్తగా వచ్చినవాడు మర్నాడు వచ్చాడా, ఏడో రోజు వచ్చాడా, ముప్పయ్యో రోజు వచ్చాడా అని లెక్క చూసుకోవడం, రాకపోతే పిలవడం. ఆ లెక్కలు చూసినప్పుడల్లా నాకు మా కోటప్పకొండ తిరునాళ్లే గుర్తొస్తుంది. శివరాత్రికి ఊరూరి నుంచీ ప్రభలు కదిలొస్తాయి, కరెంటు దీపాలతో ఆకాశమంతా వెలుగుతుంది, కాలు పెట్టే చోటుండదు. మూడో రోజుకి కొండ కింద చెరుకు పిప్పి, చెప్పుల జతలు మిగులుతాయి. ఫైర్‌ఫాక్స్ వాళ్లకి తిరునాళ్లు చెయ్యడం బాగా తెలుసు. 2004 డిసెంబర్ 16న న్యూయార్క్ టైమ్స్‌లో రెండు పేజీల ప్రకటన వేశారు. చందాలిచ్చిన సుమారు 10 వేల మంది పేర్లు సన్నక్షరాల్లో అందులోనే అచ్చయ్యాయి. 2008 జూన్ 17న ఫైర్‌ఫాక్స్ 3 విడుదల చేసి, ఒక్కరోజులో 80 లక్షలకు పైగా డౌన్‌లోడ్లతో గిన్నిస్‌కెక్కారు. మూడు నెలలు తిరక్కుండానే, సెప్టెంబర్ 2న, క్రోమ్ వచ్చింది.

అయితే తిరునాళ్లతో పనిలేకుండా జనం దగ్గర నిలిచిపోయిన ఫైర్‌ఫాక్స్ ఒకటుంది. దాన్ని నాకు చూపించింది మా నెట్ సెంటర్ అన్న.

యూనికోడ్ ఇంకా కుదురుకోని ఆ రోజుల్లో తెలుగు పేపర్లు ఒక్కొక్కటీ ఒక్కో సొంత ఫాంటు పెట్టుకునేవి. లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాల కోడ్లే, పైన తెలుగు ముక్కల బొమ్మలు తొడిగేవారు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అయితే ఆ ఫాంటుని తనే తెచ్చుకుని చూపించేది. ఫైర్‌ఫాక్స్‌కి ఆ పద్ధతి రాదు. దాంట్లో పేపరు తెరిస్తే పేజీ నిండా పిచ్చి గీతలు, గుర్తులు. అప్పుడు వెన్న నాగార్జున 'పద్మ' అనే యాడాన్ రాశారు. ఈనాడు, వార్త లాంటి పేపర్ల ఫాంటులోని ముక్కల్ని అది అక్కడికక్కడ యూనికోడ్‌లోకి మార్చేస్తుంది. చదవడం ఒక్కటే కాదు, ఆ వార్తని కాపీ చేసుకోవచ్చు, మాట ఇచ్చి వెతకొచ్చు. ఎక్స్‌ప్లోరర్‌లో చూస్తే ఆ సుఖం లేదు. అంటే ఫైర్‌ఫాక్స్‌లో ఉన్న లోపాన్నే పట్టుకుని, ఒకాయన దాన్ని తెలుగువాళ్లు వదల్లేని కారణంగా మార్చేశారు. ఇంతకంటే మంచి మార్కెటింగ్ ఆలోచన నేను మా ఆఫీసు మీటింగుల్లో ఇంతవరకూ వినలేదు.

మా అన్న ఇదేమీ ఇట్టా చెప్పలేదు. "మా నాన్న పొద్దున్నే షాపుకొచ్చి పేపరు చూడాల. కనపడకపోతే నాకు తిట్లు" అన్నాడు, అంతే. ఆయన షాపులో దాన్నెవరూ ఫైర్‌ఫాక్స్ అనేవాళ్లు కాదు, 'మొజిల్లా' అనేవాళ్లు. తర్వాత్తర్వాత జావా ప్లగిన్ లేనిదే కదలని ఆన్‌లైన్ ఫారాల కాలం వచ్చింది. క్రోమ్ 2015లో అలాంటి ప్లగిన్లని తీసేసింది, ఫైర్‌ఫాక్స్ కూడా 2017 మార్చిలో ఫ్లాష్ తప్ప మిగతావన్నీ ఆపేసింది. అన్న మాత్రం మానిటరు మీద తెల్లకాగితం అంటించాడు: 'మొజిల్లా అప్‌డేట్ చేయరాదు'. నిలబెట్టుకోవడమంటే అదీ అనిపించింది, కాస్త భయంగానే. భద్రత సంగతి ఆలోచిస్తే ఆ కాగితం ప్రమాదం. కానీ ఆయన పూట గడవాలిగా.

మా ఆఫీసులో మేం చేసేది వేరు. రాత్రి తొమ్మిదికి నోటిఫికేషను. స్పందన లేకపోతే 'మిమ్మల్ని మిస్సవుతున్నాం' అని ఇంకొకటి. ఆ వాక్యాన్ని తెలుగులో రాసింది నేనే. మొన్న సంక్రాంతికి గురజాల దగ్గర మా ఊరెళితే, నాన్న ఫోను చేతికిచ్చి అడిగాడు: "ఏందిరా ఇది, రోజూ అప్పులోడి మాదిరి పిలుస్తానే ఉంటది?" అది మా యాప్ కాదు. కాకపోయినా తల ఎత్తలేకపోయాను.

ఆ రాత్రి ఆయన ఫోన్లో నోటిఫికేషన్లన్నీ ఆపేసి, తెలుగులో ఫైర్‌ఫాక్స్ పెట్టాను. ప్రకటనలు రాకుండా యూబ్లాక్ ఆరిజిన్ కూడా. ఆయన పేపరు చదివేటప్పుడు వేలు ఎప్పుడూ ఏదో ఒక ప్రకటన మీదే పడి, ఎక్కడెక్కడికో పోతుండేది. ఈసారి స్టిక్కరు లేదు, ఉపన్యాసమూ లేదు. హైదరాబాదొచ్చాక కూడా వారం రోజులు ఆ ఊసెత్తలేదు. ఎనిమిదో రోజు ఉండబట్టలేక ఫోన్లో అడిగేశాను.

"పేపరు దాంట్లోనే చూస్తన్నా. అడ్డం పడేయి రావట్లా, బాగుంది. మిర్చి ధరకి మాత్రం పాతదే. నోటితో అడిగితే చెప్పుద్దిగా."

పేపరుకి అది, ధరకి ఇది. మా డాష్‌బోర్డులో ఈయన్ని ఏ గడిలో పెట్టాలా అని ఆలోచిస్తుంటే, ఆయనే మళ్లీ అన్నాడు.

"అవునబ్బాయ్, ప్రకటనలు లేకపోతే ఆ మొజిల్లా వాళ్లకి డబ్బులెట్టా వస్తయ్?"

"చాలావరకు గూగుల్ వాళ్లే ఇస్తారు నాన్నా. దాంట్లో ఏదన్నా వెతికితే ముందు గూగులే వచ్చేటట్టు పెట్టినందుకు."

కాసేపు మాట్లాడలేదు. "అయితే ఇదీ వాళ్లదేగా?"

కాదు నాన్నా అని మొదలుపెట్టాను. హాస్టల్లో చెప్పిన ఉపన్యాసమే, పదేళ్ల తర్వాత. మధ్యలో కాలవకి నీళ్లొదిలారని ఎవరో కేకేశారు. మళ్లీ చేస్తా ఉండరా అని పెట్టేశాడు.