ఇంటి ట్రేడరుకు రెండో దారి

ఉయ్యూరులో ఇంట్లో కూర్చుని షేర్లు కొని అమ్మేవారికైనా మార్కెట్టు ఉదయం 9.15కి తెరుచుకుని మధ్యాహ్నం 3.30కి మూతపడుతుంది. ఆ ఆరుంబావు గంటలూ కరెంటు, కంప్యూటరు, ఇంటర్నెట్టు మూడూ నిలబడాలి. అందుకే ప్రతిదానికీ రెండోది ఉండాలి. మొదటిదాన్ని పడగొట్టిన కారణం రెండోదాన్ని తాకకుండా కూడా ఉండాలి.

ఈ రెండో షరతు ఎంత ముఖ్యమో 2021 ఫిబ్రవరి 24న తెలిసింది. రెండు టెలికాం కంపెనీల లింకులు పెట్టుకున్న నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజిలో ఆ రోజు 11.40కి ట్రేడింగు ఆగిపోయింది. రెండు కంపెనీల లింకులూ ఒకేసారి దెబ్బతిన్నాయి. మళ్లీ 3.45కి మొదలుపెట్టి సాయంత్రం 5 దాకా నడిపారు.

కృష్ణా డెల్టా ఊళ్లలో ఫైబరు చాలాచోట్ల స్తంభాల మీదుగానే ఇంటికి వస్తుంది. ఏపీ ఫైబర్‌నెట్ కూడా కేబుల్‌ను కరెంటు స్తంభాల మీదుగానే లాగింది. గాలివానకు చెట్టుకొమ్మ పడినా, ఎత్తుగా వేసిన వరిగడ్డి లోడు తగిలినా తీగ తెగుతుంది. అవే స్తంభాల మీద వచ్చే రెండు ఫైబరు కనెక్షన్లు అప్పుడు కలిసే పోతాయి. కాబట్టి రెండోది మొబైల్ డేటా కావాలి, అదీ వేరే కంపెనీది. రెండు లింకులు తీసుకునే రౌటరు ఉంటే ఒకటి పోగానే రెండోదానికి దానంతట అదే మారుతుంది. మారాక మళ్లీ లాగిన్ కావలసి రావచ్చు. అప్పుడు ముందు ఆర్డర్ బుక్ చూడాలి. చూడకుండా ఆర్డరు మళ్లీ పెడితే ఒకే ట్రేడు రెండుసార్లు పడే ప్రమాదం ఉంది.

కరెంటు పోయినప్పుడు ఫైబరు పెట్టె, రౌటరు ఆగకుండా చిన్న యూపీఎస్ చాలు. ఇన్వర్టరు మీద నడిచే డెస్క్‌టాప్ రీస్టార్ట్ కాకుండా ఉండాలంటే ఇన్వర్టరును యూపీఎస్ మోడ్‌లో పెట్టాలి.

అన్నీ ఆగిపోయినా ఎక్స్ఛేంజికి చేరిన స్టాప్‌లాస్ ఆర్డరు అక్కడ పనిచేస్తూనే ఉంటుంది. మనసులో అనుకున్న స్టాప్‌లాస్ పనిచేయదు. బ్రోకరు ఫోన్ నంబరు, క్లయింటు ఐడీ కాగితం మీద రాసి ఉంచుకోవాలి. బ్రోకరు సిస్టమే కూలిపోతే పెండింగు ఆర్డర్లు రద్దు చేసుకుని, ఉన్న పొజిషన్ల నుంచి బయటపడేందుకు సెబీ 2023 అక్టోబరులో ఐఆర్ఆర్ఏ అనే వేదికను తెచ్చింది. అందులో కొత్త పొజిషన్లు తీసుకోవడం కుదరదు.

ఇక డేటా సంగతి. షేర్లు ఎన్‌ఎస్‌డీఎల్, సీడీఎస్‌ఎల్ డిపాజిటరీల్లో ఉంటాయి గనుక హార్డ్‌డిస్కు పాడైతే అవి పోవు. పోయేవి ట్రేడింగు డైరీ, ఎక్సెల్ లెక్కలు, చార్టుల అమరిక, సొంతంగా రాసుకున్న ప్రోగ్రాములు. కాంట్రాక్టు నోట్లు బ్రోకరు దగ్గర మళ్లీ దొరకవచ్చు. ఏ ట్రేడు ఎందుకు చేశారో రాసుకున్న డైరీని మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేరు. అందుకే మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి ఇంటి బయట ఉండాలన్నది బ్యాకప్‌లో స్థిరపడిన సూత్రం.

ఇంటి బయట ఎందుకన్నదానికి 2024 సెప్టెంబరు బుడమేరు వరదే సమాధానం. విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతంలో ఇళ్లు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. అలాంటప్పుడు కంప్యూటరూ, పక్క బీరువాలోని ఎక్స్‌టర్నల్ డిస్కూ కలిసే మునుగుతాయి. ఒక కాపీ క్లౌడ్‌లో ఉంటే ఆ భయం లేదు. అయితే ఫైళ్లను ఎప్పటికప్పుడు సింక్ చేసే క్లౌడ్‌లో, ఇక్కడ చెరిపిన ఫైలు అక్కడా చెరిగిపోతుంది. వైరస్ పాడుచేసిన ఫైలు అక్కడా పాడైనదే ఉంటుంది. అందువల్ల కాపీ కాగానే తీగ పీకి పక్కన పెట్టే డిస్కు కూడా అవసరం. ఫోన్ పోతే లాగిన్ ఆగకుండా అథెంటికేటర్ రికవరీ కోడ్‌లు కాగితం మీద దాచుకోవాలి.

ఏర్పాట్లన్నీ అయ్యాక పరీక్షించడం మిగులుతుంది. నెలకొకసారి, మార్కెట్టు లేని శనివారం, ఫైబరు తీగ పీకి మొబైల్ డేటాతో లాగిన్ అయి చూడాలి. బ్యాకప్ నుంచి ఒక ఫైలు తీసి తెరవాలి. ఈ రెండూ సాఫీగా జరిగితేనే ఆ ఇంటికి రెండో దారి ఉన్నట్టు.