అరచేతికి తెలిసిన చప్పుడు

గుంటూరులో ఉండే ఆ మాస్టారిది 2003 నాటి మారుతీ 800. రిటైరయ్యాక కూడా ఆదివారం వస్తే దాన్ని స్వయంగా కడుక్కుంటారు. ఈమధ్య కారెక్కినప్పుడల్లా భార్యది ఒకటే మాట. 'ఏమండీ, కింద ఏదో గుంయ్‌మంటోంది.' 'పాత బండి కదా' అనేసేవారాయన. నిజానికి ఆయనకా చప్పుడు వినపడటంలేదు. ఆ సంగతి ఒప్పుకోవడానికి మనసు రాలేదు, అంతే.

మనవరాలి పుట్టువెంట్రుకలకి శ్రీశైలం వెళ్లాలి. దోర్నాల దాటితే ఘాట్‌ రోడ్డు. 'ఆ డొక్కు అమ్మేయండి నాన్నా, వేరే కారు మాట్లాడతాను' అన్నాడు కొడుకు హైదరాబాద్‌ నుంచి. ఆ డొక్కులోనే వాణ్ని ఇంజినీరింగ్‌ కాలేజీలో దింపి వచ్చారు మరి!

టైర్ల షాపులో ముందు టైర్లు రెండూ మార్చేశారు. చప్పుడు పోలేదు. టైరు ఎగుడుదిగుడుగా అరిగినా అచ్చం అలాగే మోగుతుంది కాబట్టి వాళ్లనీ అనలేం. కానీ టైరు మోతయితే తారురోడ్డు మీద ఒకలా, సిమెంటు రోడ్డు మీద ఒకలా ఉంటుంది. ఇది ఎక్కడైనా ఒకటేనని ఆవిడ ముందే చెప్పింది. ఎవరూ పట్టించుకోలేదు.

చివరికి ఆటోనగర్‌లో ఓ ముసలి మెకానిక్‌ దగ్గరికి వెళ్లారు. భాయ్‌ బానెట్‌ ఎత్తనేలేదు. 'మీరు నడపండి మాస్టారూ. అమ్మా, మీరు వెనక కూర్చుని వినండి' అన్నాడు. ఖాళీ రోడ్డు మీద అరవైకి వెళ్లాక న్యూట్రల్‌ చేయించాడు. ఇంజిన్‌ నెమ్మదించింది కానీ గుంయ్‌మనడం ఆగలేదు. అంటే ఇంజిన్‌, క్లచ్‌ లెక్కలోంచి పోయినట్లే. బండిని కాస్త కుడికి తిప్పించాడు. 'పెరిగింది' అందావిడ. ఎడమకి... 'తగ్గింది'. కుడికి తిరిగితే బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది. బాగా మలుపు తిప్పినప్పుడు టకటకమంటే యాక్సిల్‌ జాయింటుని అనుమానించాలి. అదేం లేదు.

షెడ్డులో ఎడమవైపు ముందు చక్రం జాకీ మీద లేపి, మాస్టారి చెయ్యి స్ప్రింగు మీద పెట్టించి చక్రం తిప్పాడు. అరచేతి కింద ఇసుక నలిగినట్టు గరగర! నెల్లాళ్లుగా ఆయన చెవికి అందనిది అదే. కుడి చక్రం దగ్గరా చెయ్యిపెట్టి చూశారు. నున్నగా తిరుగుతోంది.

'ఇలాగే ఘాట్‌ ఎక్కితే?'

'బేరింగు వేడెక్కి పట్టేయొచ్చు. చక్రమే ఊగిపోవచ్చు.'

ఆ మోడల్‌ తయారీ 2014లోనే ఆగిపోయినా ఆటోనగర్‌లో బేరింగు అరగంటలో దొరికింది. పాతదాన్ని మాస్టారు రుమాల్లో చుట్టి జేబులో వేసుకున్నారు... కొడుక్కి చూపించడానికట!

తిరిగి వస్తూ 'ఇప్పుడు వినపడుతోందా?' అనడిగారు.

'లేదు.'

కాసేపాగి, 'నాకు ముందూ వినపడలేదు' అన్నారు.

'తెలుసు. ఫోను మోగినా లేవట్లేదుగా' అందావిడ కిటికీలోంచి చూస్తూ.

శ్రీశైలం ప్రయాణం శనివారం. చెవుల డాక్టరు దగ్గర శుక్రవారానికి టోకెన్‌ తీసుకున్నారు.