గరగర యెక్కడిది?

గృహిణికి చెవి గొప్ప పనిముట్టు. పాలు పొంగుటకు ముందు గిన్నెలో పుట్టెడు సన్నని సడిని, తిరుగమోతలో ఆవాలు చిటపటలాడి యాగిన క్షణమును, గ్రైండరులో పప్పు నలిగినదో లేదో తెలుపు ధ్వనిని మనము చూడకయే గుర్తింపగలము. ప్రక్కగదిలోని పసిబిడ్డ యేడుపు ఆకలిదో నిదురదో చెప్పగలము. ఇంతటి చెవి గల మనము ఇంటిలోని ల్యాప్‌టాపు గరగరలాడినపుడు మాత్రము “అది మగవారి వ్యవహారము; దుకాణమునకు పంపవలసినదే” యని తొలగిపోవుచుందుము. అట్లు తొలగ నక్కఱలేదని మాకు అనుభవముమీద తెలిసినది. ఆ సంగతి సోదరీమణులకు మనవి చేయుటకే యీ నాలుగు మాటలు.

మేమిరువురము తోడికోడండ్రము. మా అత్తగారికి పెండ్లిపాటలు విశేషముగా వచ్చియుండెడివి. నలుగుపాట, బంతులాటపాట, తలుపుదగ్గఱ పాట, వియ్యపురాలి పాట, అప్పగింతల పాట, ఇట్లు ఏ వేడుకకు ఆ పాట. వానిలో పెక్కింటిని ఆమె తన అత్తగారి నోట విని నేర్చినదే గాని పుస్తకమున జూచి నేర్చినది కాదు. 2018 వేసవిలో ఆమెను కూర్చుండబెట్టి ఇరువదిమూడు పాటలను ల్యాప్‌టాపులోనికి ఎక్కించితిమి. 2021లో ఆమె స్వర్గస్థురాలయ్యెను. గత మాఘమాసమున మా ఆడపడుచు కుమార్తె వివాహము నిశ్చయము కాగా, ఆ పాటలను మేము నేర్చి పాడవలెనని సంకల్పించుకొని, ధనుర్మాసములో ఒకనాటి మధ్యాహ్నము వంటపని ముగించుకొని ఆ యంత్రమును తెఱచితిమి.

నలుగుపాట సగమైనను కాకమునుపే అత్తగారి గొంతు నడుమ వేడి పెనముమీద నీటిచుక్కలు పడినట్లు చిటచిట ధ్వనులు పుట్టెను. రెండవ పాటయు నట్లే. మూడవదియు నట్లే. “అక్కా, పాటలే చెడిపోయినవేమో!” యని మాలో చిన్నది కంటనీరు పెట్టుకొనెను.

దుకాణమునకు తీసికొనిపోతిమి. అచటి యువకుడు రెండు నిమిషములు విని, “స్పీకర్లు పోయినవమ్మా. రెండింటికిని కలిపి 3,800 రూపాయలగును. అప్పటికిని తగ్గకున్నచో లోపలిదంతయు తుడిచివేసి సాఫ్టువేరు క్రొత్తగా నెక్కింతుము” అనెను. రూపాయల మాట యటుండనిండు. “తుడిచివేసి” యను మాట మాకు పిడుగువలె వినబడెను. “రేపు వచ్చెదము, బాబూ” యని చెప్పి యంత్రమును చంకబెట్టుకొని యింటికి వచ్చితిమి.

మొట్టమొదట చేసిన పని యేమనగా, ఆ ఇరువదిమూడు పాటలకును రెండు నకళ్లు తీసితిమి. ఒకటి పెన్‌డ్రైవునందు, మఱియొకటి మా ఫోనునందు. ఏ చికిత్సకు పూనుకొనుటకైనను ముందు, తిరిగి సంపాదింపరాని దానిని భద్రపఱచుకొనవలెను. తక్కిన దంతయు పిమ్మట. ఫోనులో నలుగుపాటను వినగా నేమి చెప్పుదుము! చిటచిట యొక్కటియు లేదు. అత్తగారి గొంతు తేటగా, నడుమ నడుమ ఆమె తీసికొన్న ఊపిరితో సహా వినవచ్చెను. పాటలు చెడలేదు, పాడించు యంత్రమునందే దోషమున్నది. సగము భయము తీఱినది.

ఇక దోష మెచ్చట నున్నదో వెదకుటకు, ధ్వని వచ్చెడు దారి కొంత తెలిసికొనవలెను. ల్యాప్‌టాపులో పాట పాటగా నుండదు, అంకెలుగా నుండును. 1982లో వెలువడిన కాంపాక్టు డిస్కులలో సెకండునకు 44,100 చొప్పున అంకెలుండెను. నేటి ల్యాప్‌టాపులలో తఱచుగా 48,000 చొప్పున నడచును. ఈ అంకెలను విద్యుత్తుగా మార్చి స్పీకరునకు పంపుదురు. స్పీకరులో అయస్కాంతము చెంత సన్నని తీగచుట్ట యొకటి, దానికి అంటియున్న పలుచని పొర యొకటి యుండును. విద్యుత్తు మాఱిన కొలది తీగచుట్ట ముందునకు వెనుకకు కదలును; పొర గాలిని కదలించును; అదియే మనకు వినబడు పాట. 1925లో అమెరికాలో చెస్టర్ రైస్, ఎడ్వర్డు కెల్లాగు అను నిరువురు ఇంజనీర్లు ప్రకటించిన స్పీకరు పద్ధతి యిదియే. పరిమాణము తగ్గినను, నేటి ల్యాప్‌టాపులోని చిన్ని స్పీకర్లును ఆ సూత్రము ననుసరించియే పలుకుచున్నవి.

అంకెలు స్పీకరునకు చేరు విధమును పెండ్లివిందుతో పోల్చి చెప్పవచ్చును. వంటవాడు గంగాళమునుండి సాంబారును బకెట్టులో నింపి యిచ్చును. వడ్డించువాడు ఆ బకెట్టుతో పంక్తి వెంబడి వడ్డించుకొని పోవును. బకెట్టు వట్టిపోకమునుపే వంటవాడు మరల నింపుచుండినచో వడ్డన యెడతెగక సాగును. ఎవరో వచ్చి వంటవానిని మాటలలో పెట్టి నిలిపివేసినచో బకెట్టు వట్టిపోవును. విస్తరి ముందు చేయి యాగును. ల్యాప్‌టాపులో వంటవాడు ప్రాసెసరు. బకెట్టునకు బఫరని పేరు. అది సెకండులో నూఱవ వంతుల లెక్కలో మాత్రమే సరిపోవు చిన్న బకెట్టు. అది క్షణమాత్రము వట్టిపోయినను స్పీకరులోని పొర ఉన్నట్టుండి యెగిరిపడును. ఆ యెగురుటయే మన చెవికి “టప్పు” మని, వెంటవెంట జరిగినచో “గరగర” యని వినబడును.

ఇంత తెలిసిన పిమ్మట, బియ్యములో రాళ్లేఱినట్లు ఒక్కొక్క కారణమునే తీసి చూచితిమి. ఒకసారి యొక్క మార్పే చేయవలెననియు, ఫలము లేనిచో దానిని యథాస్థితికి తెచ్చిన పిమ్మటనే రెండవ దానికి పోవలెననియు నియమము పెట్టుకొని, ప్రతిదానిని పాలలెక్కల పుస్తకము వెనుక వ్రాసికొంటిమి. పరీక్షకు ఇంటర్నెట్టు పాటను గాక, యంత్రములో నున్న నలుగుపాటనే వాడితిమి.

మొదటి పరీక్ష తీగగల ఇయర్‌ఫోన్లతో. వానిని తగిలించి వినగా అందును చిటచిటలే! ఇది చెడువార్త వలె తోచినను, నిజమునకు మంచివార్త. ఇయర్‌ఫోన్ల తీగచుట్ట వేఱు, పొర వేఱు. స్పీకర్లే చెడియుండినచో ఇయర్‌ఫోన్లలో పాట తేటగా వినబడి యుండవలెను. కావున స్పీకర్లు నిర్దోషులు; దోషము వానికి వెనుక నెక్కడనో యున్నది. ఈ యొక్క పరీక్షతో 3,800 రూపాయలు మిగిలినవి.

రెండవది, ధ్వనిని మిక్కిలి తగ్గించి వింటిమి. పాట తగ్గినది గాని చిటచిటల సంఖ్య తగ్గలేదు. హెచ్చు ధ్వనివలన కలిగిన గరగరయైనచో తగ్గింపగానే అణగియుండెడిది. మూడవది, వేఱొక ప్రోగ్రాముతో అదే పాటను పాడించితిమి, మార్పు లేదు. నాలుగవది, చార్జరును ఊడదీసితిమి, మార్పు లేదు. ఐదవది, ‘సెట్టింగ్స్’ లో ‘సిస్టమ్’, అందు ‘సౌండ్’, అందు స్పీకరు పేరును నొక్కి, ధ్వనికి మెఱుగులు దిద్దు ‘ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్’ అనుదానిని ఆపితిమి. పెక్కు యంత్రములలో దీనితోనే గరగర పోవునట. మాకు పోలేదు; మరల యథాప్రకారము పెట్టితిమి.

ఆఱవది వైఫైని ఆపుట. పాటకును వైఫైకిని సంబంధ మేమని సోదరీమణులు అడుగవచ్చును. యంత్రములోని ప్రతి భాగమును నడుపుటకు డ్రైవరను చిన్న ప్రోగ్రా మొకటి యుండును. ఈ డ్రైవర్లు పిలిచినపుడు ప్రాసెసరు చేతిలోని పని నాపి పలుకవలెను. వానిలో నొకటి పాతదై, సరిగా వ్రాయబడనిదై, అవసరమునకు మించి ప్రాసెసరును పట్టి నిలిపినచో బకెట్టు నింపువాడు లేకపోవును. వంటవానిని గుమ్మము కడ నిలిపిన చుట్టము వంటిదే యిది.

వైఫైని ఆపితిమి. చిటచిటలు ఆగెను. మేమిరువురము ఒకరి మొగ మొకరము చూచుకొంటిమి. ఒక్కసారి జరిగినదానిని నమ్మరాదని మరల వైఫైని తెఱచితిమి, చిటచిటలు వచ్చెను. మరల ఆపితిమి, ఆగెను. మూడుమారు లిట్లు చేసి, మూడుమారులు నదియే ఫలమైన పిమ్మట దొంగ దొరకెనని నిశ్చయించితిమి.

మందు సులభముగనే దొరకెను. యంత్రము అడుగున వ్రాసియున్న మోడలు సంఖ్యను బట్టి, దానిని చేసిన కంపెనీవారి వెబ్‌సైటునుండియే క్రొత్త వైఫై డ్రైవరును దింపుకొని, ఎక్కించి, యంత్రమును ఆపి మరల తెఱచితిమి. వైఫై నడచుచుండగనే ఇరువదిమూడు పాటలను వరుసగా వింటిమి. ఒక్క చిటుకైనను లేదు. ఆ సాయంకాలమునుండియే పాటలను కాగితముమీద వ్రాసికొని నేర్వసాగితిమి. తలుపుదగ్గఱ పాటలో ఒక పాదము చిటచిటల నడుమ మాకు అర్థము కానిదై యుండెను. ఇప్పుడది స్పష్టముగా వినబడెను. పెండ్లినాడు మేమిరువురమును దానిని పాడగా, మా ఆడపడుచు తన తల్లి పాట నానవాలు పట్టి, పనులన్నియు మాని వచ్చి మా ప్రక్కన కూర్చుండెను.

అందఱి యింటను దోష మొక్కచోటనే యుండదు. కావున తక్కిన గుర్తులను గూడ క్లుప్తముగా చెప్పెదము. ఇయర్‌ఫోన్లలో పాట తేటగా నుండి స్పీకర్లలో మాత్రమే గరగరలాడినచో, అందును ఒక్క ప్రక్కననే యైనచో, స్పీకరును అనుమానింపవచ్చును. వంటింట వాడు యంత్రమైనచో రంధ్రములలో పిండి, నలుసు చేరియుండును. యంత్రము నాపి మెత్తని పొడి కుంచెతో తుడువవలెను. సూది గ్రుచ్చరాదు, పొర చినుగును. ల్యాప్‌టాపు క్రింది బల్లపై చెంచాయో గాజుగ్లాసో యున్నను అది అదరి మోత పుట్టించును; చోటు మార్చి చూడవలెను.

హెచ్చు ధ్వనిలో మాత్రమే బొంగురుపోయినచో పాడించు ప్రోగ్రామును చూడుడు. వీ.ఎల్.సీ. వంటి వానిలో ధ్వనిని 100 దాటించి 125 వఱకు పెంచవచ్చును. పదునాఱు బిట్ల లెక్కలో 32,767 కంటె పెద్ద అంకె లేదు. కొలతకు మించి పోసినచో కుంచము పైభాగమును గీసివేసినట్లు పాట శిఖరము తెగి, గొంతు కఱకుగా మాఱును. చార్జరు పెట్టినపుడే ‘గుఁయ్’ మని మోత వచ్చినచో గోడలోని ప్లగ్గు ఎర్తింగును విద్యుత్పనివానిచే చూపింపవలెను. తీగలేని బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు మైక్రోవేవ్ పొయ్యి దగ్గఱ తెగితెగి పలుకుట కలదు, రెండును 2.4 గిగాహెర్ట్జు ప్రాంతపు తరంగములనే వాడును గదా. అది రోగము కాదు. ఇవతలి గదికి వచ్చినచో నయమగును. సాఫ్టువేరు మార్పు జరిగిన మఱునాటినుండి గరగర మొదలైనచో, ‘డివైస్ మేనేజర్’ లో ఆ డ్రైవరును మునుపటి దానికి త్రిప్పుటకు ‘రోల్ బ్యాక్’ అను మీట తఱచుగా నుండును.

ఇవన్నియు చేసినను తగ్గనిచో దుకాణమునకు పోవుటలో తప్పు లేదు. యంత్రమును విప్పుట మన పని కాదు. లోపల బ్యాటరీ యుండును, ప్రమాదము. కాని వట్టిచేతులతో పోరాదు. లోపలి విలువైనవానికి నకళ్లు తీసియుంచి, చేసిన పరీక్షలు వ్రాసిన కాగితమును చేతబట్టుకొని పోవలెను. “ఇయర్‌ఫోన్లలో నున్నది, ధ్వని తగ్గించిన తగ్గలేదు, వైఫై నాపిన ఆగినది” అని మూడు మాటలు చెప్పగలిగిన యామెకు పనివాడును శ్రద్ధగా సమాధానము చెప్పును; అక్కఱలేని వస్తువును అంటగట్టుటకు జంకును. మా పాలలెక్కల పుస్తకము వెనుకనున్న ఆ పుటను చింపక దాచియుంచితిమి. ఇరుగుపొరుగుల యిండ్లలో ఇప్పటికి రెండుమారు లది పనికివచ్చినది.